టమోటాల్లేని కారు

మదనపల్లె నుంచి కుప్పం పోయే బస్సులో ఒళ్లో టమోటాల సంచితో ఒకామె నా పక్కన కూర్చుంది. యాభై ఏళ్లుంటాయి. నేను ఫోన్లో మెకానిక్‌తో గొడవ పడుతున్నాను. కొత్త టైర్లు వేయించినప్పటి నుంచీ నా స్పోర్ట్స్ కారు వంద దాటితే చాలు, అటూ ఇటూ ఊగుతోంది. అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించినా అంతే. ఇక అమ్మేస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

"గాలి యాడ పట్టించినావప్పా?" అంది ఆమె.

"మార్కెట్ యార్డు దగ్గర."

"ఆడికి నేను టమోటా బండి తోల్తాండాను. ఆడ అందరికీ లోడుబండి లెక్కనే గాలి కొడతారు. నీ కారుకూ టమోటాలు ఎక్కించినట్టుండారు."

నేను నమ్మలేదు. ఆమె ఒక పచ్చికాయనూ, ఒక మెత్తటి పండునూ తీసి టిఫిన్ బాక్సు మూత మీద పెట్టింది. పుంగనూరు దగ్గర మలుపులో కాయ దొర్లి నా కాళ్ల దగ్గర పడింది. కాస్త అణిగిన పండు మాత్రం ఉన్నచోటే ఉంది.

"గట్టిగుంటే నేలను పట్టుకోదు, సూడు" అంటూ కాయను నాకే ఇచ్చేసింది. "పచ్చడికి పెట్టుకో."

ఇంటికి రాగానే కొలిపించాను. కారు తలుపు దగ్గర కంపెనీవాళ్లు రాసిన లెక్కకన్నా టైర్లలో గాలి చాలా ఎక్కువే ఉంది. తగ్గించాక కారు వందలోనూ గీత గీసినట్టు పోయింది.

ఆమె పేరు అడగలేదు. కారు అమ్మలేదు. యార్డు దగ్గర గాలి పట్టించేటప్పుడు మాత్రం ఇప్పటికీ ముందే చెబుతాను: "టమోటాలు లేవప్పా, నేనొక్కణ్ణే."