జనరేటర్ అందుకునే లోపు

వానకు కరెంటు పోయి గచ్చిబౌలిలో సిగ్నళ్ళు ఆరిపోయాయి. బస్సు ఎంతకీ కదలదు. సూర్యుడి మీద తుఫాను రేగితే ఇక్కడ కరెంటు లైన్లు దెబ్బతిని ఊళ్ళకు ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉండిపోవచ్చన్న వార్తను ఫోన్‌లో పక్క సీటులో ఉన్నావిడకు చూపించాను.

"మా అపార్ట్‌మెంట్ టవర్‌కి జనరేటర్ ఉందిలెండి," అన్నాను.

"మాకు గూడ ఉంది. డీజిల్ అయిపోతే బంకుకు పోవాలె. కరెంటు లేకుంటే బంకుల డీజిల్ ఎట్ల వస్తది?"

ఆమె ఇంటికి ఫోన్ చేసి, "ఫోన్ జర అమ్మ ఆక్సిజన్ మిషన్ దగ్గర పెట్టు," అంది. కాసేపు విని, ఫోన్ నా చెవికి ఆనించింది. మిషన్ ఆగకుండా బుసకొడుతోంది.

"కోకాపేటల, ఇరవయ్యో అంతస్తు," అంది.

ఇప్పటికీ మా ఇంట్లో కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు నా చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. ఆమె నంబరు నేను అడగలేదు.