కాపరికి ఇరుకైన కవచం

మనిషి తల్లి కడుపులో ఉన్నప్పుడే వాడి కొలతలు ఎరిగిన దేవునికి స్తోత్రం. పొగిడేవారినీ ఎగతాళి చేసేవారినీ ఒకే ఎండలో నిలబెట్టి, ఒకే వాన కోసం ఆకాశం వైపు చూసేలా చేసే ఆయనకే మహిమ.

ముదిగుబ్బలో నేను బట్టలు కుడతాను, ఆదివారం పిల్లలకు వాక్యం చెబుతాను. ఆ ఏడు శెనక్కాయ చేలు ఎండిపోయినా మా సంఘం కోత పండుగ మానలేదు. కోయడానికి ఏమీ లేదు కనుక నాటకం వేద్దామన్నారు. గొర్రెల కాపరి ఒకడు రాక్షసుడంతటి యోధుణ్ణి వడిసెల రాయితో కూల్చిన కథ. యుద్ధానికి ముందు రాజు తన కవచాన్ని కాపరికి తొడుగుతాడు. కాపరి అందులో నడవలేక, విప్పి కింద పెట్టి, దేవుణ్ణి మాత్రమే నమ్ముకుని పోతాడు. నాకు కథంతా ఆ విప్పడంలోనే ఉంది. చూడ్డానికి వచ్చే బయటివాళ్లు ఆ ఒక్కటి చూస్తే చాలని ఉపవాసముండి ప్రార్థించాను.

కాపరి వేషం సంఘ పెద్ద తీసుకున్నాడు. యాభై దాటిన మనిషి, ఎరువుల అంగడి, చొక్కా గుండీలకు రోజూ పరీక్ష పెట్టే పొట్ట. మా సంఘంలో నిజంగా గొర్రెలు కాసేవాడు ఒకడున్నాడు. పొడుగ్గా ఉన్నాడని అతనికి రాక్షసుడి వేషం ఇచ్చారు.

కదిరిలో నాటకాల దుస్తులు అద్దెకిచ్చే అంగడి మూసేస్తుంటే పాత కవచం ఒకటి కొనుక్కొచ్చారు. రెక్సిన్ మీద బంగారు రంగు రేకులు, తల మీదుగా తొడుక్కునేది. ఎవరో బక్క నటుడికి కుట్టింది. పెద్దాయనకు బొడ్డు పైనే ఆగిపోయింది.

"ఎండకు ముడుచుకుపోయిందమ్మా," అన్నాడు.

రెండు పక్కలా కుట్లు విప్పి చెరో జానెడు రెక్సిన్ అతికాను. భుజాల పట్టీలు పొడిగించాను. అతుకుల మీద రేకు ముక్కలు కొట్టి రంగు పూశాను. పొట్ట దాటి ఇంకా నాలుగు వేళ్లు వదులు ఉంచాను. పండుగ ముందురోజు ఆయన అద్దం ముందు నిలబడి మొహం ముడిచాడు.

"ఏందమ్మా ఇది, శెనక్కాయ మూట మాదిరి ఉండాది. బిగించు."

"అన్నా, వాక్యంలో అది వదులుగానే ఉండాల గదా. లేకుంటే ఎట్ల విప్పుతావు?"

"వాక్యంలో ఉంటే ఉండనీలేమ్మా. జనం చూసేది నన్ను గదా!"

బిగించాను. వాక్యం తెలిసీ బిగించాను. ఆయన మాట కాదంటే పిల్లల తరగతి ఇంకొకరికి ఇచ్చేస్తాడని నా భయం.

పండుగనాడు రాజు వేషగాడు తంటాలుపడి తొడిగాడు. "ఇది నాకొద్దు!" అని కాపరి గర్జించి పైకి లాగాడు. కదల్లేదు. మళ్లీ గర్జించి మళ్లీ లాగాడు. ఈసారి చంకల దాకా వచ్చి ఇరుక్కుంది, తల లోపల, చేతులు పైన.

"ఏమన్నా, రాయి యాడ పెట్టుకున్నావు, కడుపులోనా?" అన్నారెవరో ముందు వరసలో.

అప్పుడు రాక్షసుడు ఈటె పక్కన పెట్టి వచ్చాడు. బొచ్చు కత్తిరించేటప్పుడు గొర్రెను పట్టినట్టు పెద్దాయన్ను మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. "కదలద్దన్నా, ఊపిరి బిగబట్టు," అని ఒక్క గుంజు గుంజాడు. నా అతుకు పర్రున చిరిగి కవచం ఊడొచ్చింది. తర్వాత కాపరి రాయి విసిరాడు. అది ఎటో పోయింది. రాక్షసుడు మర్యాదగా పడిపోయాడు.

బయటివాళ్లు నవ్వలేక కడుపులు పట్టుకుని పోయారు. నా కుట్టు మంచిది కాదని పెద్దాయన సంఘంలో చెప్పాడు. తరగతి మాత్రం నాకే ఉంది. కాపరి కవచాన్ని తానే విప్పుకున్నాడని చెబితే పిల్లలు ఒప్పుకోవడం లేదు. "కాదక్కా, రాక్షసుడు విప్పినాడు. మేం చూసినాం గదా!" అంటున్నారు.

చదివేవారా, నాతోపాటు ఒక్క నిమిషం తల వంచండి. పెద్దల మొహం చూసి వాక్యాన్ని బిగించిన ఈ చేతిని ప్రభువు క్షమించాలనీ, ఈసారి కాదనడానికి నాకు నోరివ్వాలనీ అడగండి. ఆమేన్.