పాప ఒంటి మీద నా వాదం

మొన్న ఆబిడ్స్‌లో ఒక మందుల దుకాణంలో నిలబడి ఉండగా నా పక్కనున్న మనిషి చేతిలోంచి సీసా జారి బండల మీద పగిలింది. గులాబీ రంగు కాలమిన్ లోషన్ నా చెప్పుల దాకా పారింది. తడిసిన సుద్దముక్కకు కాస్త మందు కలిపితే వచ్చే వాసన లాంటిది దాని వాసన. దుకాణదారు పాత గుడ్డ తెచ్చి తుడుస్తూ నన్ను పక్కకు జరగమన్నాడు. రెండుసార్లు చెప్పించుకుని గానీ నేను కదల్లేదు. నా మనసు అప్పటికే నాంపల్లి స్టేషన్‌కు పోయే దారిలో, గడియారాల దుకాణం పైనున్న గదిలోకి మెట్లెక్కి పోయింది. ఆ గదిలో డాక్టర్ ప్రమీలాబాయి ఉండేవారు. మీలో ఎవరూ ఆవిడను చూసి ఉండరు. ఆవిడ సభల్లో మాట్లాడలేదు, పుస్తకం రాయలేదు. హేతువు, హేతువు అని జీవితమంతా గొంతు చించుకున్న నాకు ఆ మాటను ఎలా వాడాలో నేర్పింది మాత్రం ఆవిడే.

అరవైల నడిమి సంవత్సరాలవి. నేను ఆబిడ్స్‌లో ఒక ఆఫీసులో గుమాస్తాను. సాయంత్రాలు సంస్కరణ సభల్లో వాదించేవాణ్ణి, సెలవు రోజుల్లో మా చిన్న పత్రికకు వ్యాసాలు రాసేవాణ్ణి. నాంపల్లి సందులో కిరాయికి తీసుకున్న రెండు గదుల్లో మా అమ్మ, నా భార్య విమల, ఏడాదిన్నర పాప చేతన, నేను ఉండేవాళ్ళం. మాది తరతరాలుగా గుడ్డు పెంకైనా ముట్టని ఇల్లు. ఏది తినాలో కులం చెప్పే దేశంలో నా కూతురు ఏం తినాలో నేనే చెబుతానని శపథం పట్టి, పాపకు పళ్ళు రాగానే రోజూ ఉడికించిన గుడ్డు పెట్టడం మొదలుపెట్టాను. అమ్మ మైల అంది. నేను పోషకాహారం అన్నాను. ఇంట్లో ఆ రెండు మాటలే పొద్దున్నా సాయంత్రం తిరిగేవి. చివరకు పత్రికలో ఒక వ్యాసం కూడా రాశాను. రోజుకో గుడ్డు తినే మా పాప సందులోని పిల్లలందరి కంటే ఆరోగ్యంగా ఉందని, ఛాందసులు వచ్చి చూసుకోవచ్చని సవాలు విసిరాను.

ఆ వ్యాసం అచ్చయ్యేనాటికి పాప మోచేతి మడతల్లో నెత్తుటి చారలున్నాయి. ముందు బుగ్గల మీద ఎర్రగా గరుకు లేచింది. తర్వాత మోకాళ్ళ వెనక, మెడ చుట్టూ పాకింది. గోకి గోకి రసి కారేది. విమల పాప చేతులకు పాత పంచె గుడ్డతో సంచుల్లా కుట్టి కట్టేది. పాప ఆ సంచులతోనే మొహాన్ని గోడకేసి రుద్దుకునేది. ఇరుగుపొరుగు దిష్టి అన్నారు. అమ్మ వేపాకు, పసుపు నూరి రోజుకు రెండుసార్లు పట్టించేది. ఇద్దరు డాక్టర్లు రెండు రకాల పూతమందులు ఇచ్చారు. వారం తగ్గేది, పది రోజులకు మళ్ళీ లేచేది. సభ మిత్రులు ఇంటికి వస్తే నేను పాపకు పొడుగు చేతుల చొక్కా వేయించేవాణ్ణి.  

గౌలిగూడలో ఉండే విమల మేనత్త చెబితే ప్రమీలాబాయి దగ్గరికి అందరం వెళ్ళాం. యాభై ఏళ్ళు దాటిన మనిషి. తెల్ల నూలు చీర, దారానికి వేలాడే కళ్ళద్దాలు. పాపను బల్ల మీద పడుకోబెట్టమంటారని నేను ఎత్తుకోబోతే ఆవిడ వద్దన్నారు. చాప పరిచి పాపను వదిలేయమన్నారు. పది నిమిషాల పాటు కుర్చీలో కూర్చుని, పాప ఎక్కడ గోక్కుంటుందో, ఎప్పుడు మరిచిపోయి ఆడుకుంటుందో చూస్తూ ఉండిపోయారు. నాకు ఓపిక చాలక జబ్బు చరిత్ర మొదలుపెట్టాను.

"మీరు జర ఆగుండ్రి సార్. పాపకు నీళ్ళు పోసేది మీరా?"

"కాదు."

"బట్టలు పిండేది?"

"కాదు. గుడ్డు మాత్రం నేనే తినిపిస్త."

"అయితే గుడ్డు కాడ మాట్లాడుండ్రి. మిగిలింది ఆమెను చెప్పనీయుండ్రి."

విమల చెప్పింది. మా పెళ్ళయ్యాక ఆమె అంతసేపు ఆగకుండా మాట్లాడగా వినడం నాకదే మొదలు. అంతా విని ప్రమీలాబాయి రెండే నియమాలు పెట్టారు. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, మార్చి రెండు వారాలు చూడాలి. పాపను చూసుకునే మనిషే రోజూ ఒక నోటుబుక్కులో రాయాలి: ఏం తిన్నది, ఒంటికి ఏం పూసిండ్రు, ఒళ్ళు ఎట్లున్నది. కాలమిన్ లోషన్ సీసా ఇచ్చి, అది దురద కాస్త చల్లార్చడానికే తప్ప జబ్బుకు మందు కాదని ముందే చెప్పారు. తర్వాత అమ్మ వైపు తిరిగారు.

"అమ్మా, పచ్చి పుండు మీద నీ పసుపు మండుతది. రెండు వారాలు ఆకు నూరుడు బంద్ చేద్దాం. తేడా రాకుంటే నాకు చెప్పు, అప్పుడు మళ్ళ మాట్లాడుకుందాం."

"పిల్లకు నయమైతదంటే నాకేం పంతం డాక్టరమ్మా? ఇయ్యాళ్నించే బంద్," అంది అమ్మ.

ఇంటికి నడిచి వస్తూ నేను నాంపల్లి రోడ్డు పొడుగునా మూఢనమ్మకాల మీద ఉపన్యాసం ఇచ్చాను. అమ్మ పాపను భుజాన వేసుకుని ముందు నడుస్తోంది. 

రెండు వారాలకు రసి కారడం తగ్గింది, దురద తగ్గలేదు. ఈసారి మేం వెళ్ళేసరికి ప్రమీలాబాయి బల్ల మీద మా పత్రిక ఉంది, నా వ్యాసం దగ్గర తెరిచి.

"నేను మీ పత్రిక చదువుత సార్. గీ వ్యాసంల ఉన్న పాప, గీ చాప మీద ఉన్న పాప, ఒక్కరేనా?"

 ఆవిడ జవాబు కోసం ఆగలేదు. "ఇప్పుడు గుడ్డు ఆపుదాం," అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. మాంసకృత్తుల గురించి, పిల్లల నోటి కాడి బలాన్ని లాక్కున్న ఆచారాల గురించి, సభలో మాట్లాడినట్టే మాట్లాడాను. ఆవిడ చప్పట్లు కొట్టనూ లేదు, అడ్డుపడనూ లేదు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అడిగారు.

"అయిపోయిందా? మీ అమ్మకు ఆకు ఇడిసిపెట్టనీకె ఒక్క నిమిషం పట్టింది. మీకు గంట పట్టేటట్టున్నది."

"ఇప్పుడు ఆపితే మా అమ్మ గెలిచినట్టే డాక్టర్ గారూ."

"గెలిచింది ఎవరో నాకేం ఎరుక సార్? గోక్కునేది పాప. మీ అమ్మ చెప్పిన కారణం తప్పే. మైల లేదు, గీల లేదు. కారణం తప్పయితే మాట గూడ తప్పే కావాల్నా? ఆపి చూస్తె తెలుస్తది. చూసుడు కాడ మీకెందుకు భయం?"

భయం అన్న మాట నన్ను కూర్చోబెట్టింది. గుళ్ళలో, మఠాల్లో కూర్చున్నవాళ్ళను నేను ఇరవై ఏళ్ళ వయసు నుంచీ ఇదే ప్రశ్న అడుగుతున్నాను. నన్ను అడిగినవాళ్ళు అంతకుముందు లేరు. గుడ్డు ఆపాను.

నెల గడిచింది. పాప మెడ నున్నబడింది, చేతుల సంచులు విప్పేశాం. కానీ పూర్తిగా తగ్గలేదు. కొన్ని రోజులు చల్లగా ఉండి ఒక్కసారిగా మోచేతులు ఎర్రబారేవి. నాకు లోలోపల సంతోషం కూడా కలిగింది. అది రాయడానికి సిగ్గుగా ఉంది. గుడ్డు మానినా తగ్గలేదు కనుక గుడ్డు నిర్దోషి అని తేలుతుందనుకున్నాను. ఆ ఆశతోనే మూడోసారి మెట్లెక్కాను. ప్రమీలాబాయి విమల నోటుబుక్కు తెరిచి, కలం మొనతో ఒక్కో రోజు దాటుతూ పోయారు.

"సోమవారం ఎర్రగున్నది. మళ్ళ సోమవారం. గీడ గూడ సోమవారమే. ఆదివారం ఏమైతది విమలా మీ ఇంట్ల?"

"ఏం గాదు డాక్టరమ్మా. ఆబిడ్స్ పోతం. ఈయన బేకరీల కేకు కొంటరు. రాయనీకె అదేం అన్నమా అని రాయలే."

అమ్మ నవ్వింది. "నేను గూడ తింట. మెత్తగుంటది, నాకు పండ్లు లెవ్వు గద. నాకేం గాలే మరి."

ప్రమీలాబాయి కళ్ళద్దాలు తీశారు. "కేకుల గుడ్డు ఏస్తరమ్మా."

 అమ్మ నా వైపు తిరిగింది.

"నీకు ఎరుకనా బిడ్డా?"

"ఎరుక," అన్నాను.

ఎరుకే. ఏడాదిగా ఎరుక. "మా అమ్మ ప్రతి ఆదివారం గుడ్డు తింటోంది, మైల ఆమెనేమీ చేయలేదు" అని సభ మిత్రుల మధ్య చెప్పి ఎన్నిసార్లు నవ్వించానో. అదే కేకులోంచి తుంచి పాప నోట్లో పెడుతున్నప్పుడు మాత్రం అందులో గుడ్డు ఉందన్న సంగతి నా తలకు తట్టనే లేదు. నాకు గుడ్డు అంటే తెల్లగా, గుండ్రంగా, వాదానికి పనికొచ్చే వస్తువు. పిండిలో కలిసిపోయిన గుడ్డు అమ్మ మీద నా గెలుపు మాత్రమే. పాప ఒళ్ళు ఆ తేడా చూడలేదు.

అమ్మ అరుస్తుందనుకున్నాను. ఆమె కొంగుతో నోరు తుడుచుకుంది. తర్వాత, "నా సంగతి ఇంటికి పోయినంక. డాక్టరమ్మా, పిల్లకు ఇంకేం ఆపాల్నో చెప్పు," అంది.

వాళ్ళు మెట్లు దిగుతుంటే ప్రమీలాబాయి నన్ను ఆగమన్నారు. ఆవిడ గొంతు పెంచడం నేను విన్నది ఆ ఒక్కసారే.

"మీరు మంత్రగాళ్ళ మీద రాస్తరు గద. వాళ్ళు ఏం జేస్తరు? మనిషికి తెల్వకుంట పని జేసి, నా శక్తి చూడు అంటరు. మీరు చేసిందేంది? ఆమెతోని కొట్లాడుండ్రి, రోజూ కొట్లాడుండ్రి, నేను వద్దనను. ఎదురుంగ కొట్లాడుండ్రి. చెప్పకుంట తినిపించి నవ్వుకునుడు ఏం వాదం?"

  రెయిలింగు పట్టుకుని మెట్లు దిగాను.

కేకు ఆగింది. నెలన్నరకు పాప మోచేతులు విమల మోచేతుల్లా నున్నగా అయ్యాయి. ఇదేదో అద్భుతం కాదు. చలికాలంలో ఒళ్ళు పొడిబారి మళ్ళీ కాస్త లేచేది, కొబ్బరినూనె రాసేవాళ్ళం, తగ్గేది. ఐదో ఏట ప్రమీలాబాయి పాపను తన ఎదుటే కూర్చోబెట్టుకుని, పడకపోతే ఇవ్వడానికి ఇంజెక్షన్ సిద్ధంగా పెట్టుకుని, గోరంత ఉడికిన గుడ్డు తినిపించి మధ్యాహ్నమంతా కనిపెట్టి చూశారు. ఏమీ కాలేదు. తర్వాత తర్వాత పాపకు గుడ్డు పూర్తిగా పడింది. ఆ మధ్యాహ్నం పాప చెయ్యి పట్టుకుని పక్కన కూర్చున్నది మా అమ్మే. తాను మాత్రం చివరిదాకా గుడ్డు ముట్టలేదు. కేకూ ముట్టలేదు.

అదంతా తర్వాతి మాట. ఒళ్ళు నున్నబడిన ఆ నెలలోనే నేను చేయాల్సిన పని ఒకటి మిగిలింది. అచ్చులో నా సవాలు అలాగే ఉంది. ఏం రాయాలని ప్రమీలాబాయిని అడిగాను. "గుడ్డు మంచిదే, చాన మంది పిల్లలకు మంచిదే. మీ పాపకు పడలే. గదే రాయుండ్రి, ఒక్క ముక్క ఎక్కువ తక్కువ లేకుంట. అచ్చుకు ఇయ్యకముందు మీ అమ్మకు చదివి వినిపించుండ్రి," అన్నారు.

పత్రిక నడిపే రాఘవులు నా సవరణ చిత్తుప్రతి చదివి తల పట్టుకున్నాడు. "ఏందన్నా గిది? మఠాలోళ్ళకు పండుగ చేస్తున్నవా? ఒక్క పిల్ల కోసం ఇంత ఉద్యమాన్ని పాడు చేస్తవా?"

"ఆ ఒక్క పిల్లనే సాక్ష్యం పెట్టి రాసిన గదనే. సాక్ష్యం తప్పని నాకు ఎరుకైనంక ఊకుంటె, వాళ్ళకూ మనకూ తేడా ఏంది?"

"నీ ఇష్టం. నేనైతే చివరి పేజీల ఏస్త."

"మొదటి పేజీల ఏసినవు సవాలును. ఇది గూడ ఆడనే ఎయ్యి."

రాఘవులు తిట్టుకుంటూ ఒప్పుకున్నాడు. ఇంటికి వచ్చాను. అమ్మ చాట ముందేసుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఎదురుగా కింద కూర్చుని చదవడం మొదలుపెట్టాను. గుడ్డు సంగతి చదివాను, పొడుగు చేతుల చొక్కా సంగతి చదివాను. అమ్మ వేళ్ళు బియ్యంలో కదులుతూనే ఉన్నాయి. కేకు దగ్గరికి వచ్చాను. "అమాయకురాలైన మా అమ్మకు నేను ప్రతి ఆదివారం..." అని చదవగానే ఆ వేళ్ళు ఆగాయి.

"అమాయకురాలు అని ఎందుకు రాసినవ్?"

"అంటే... నీ తప్పు లేదని."

"నాకు తెల్వదు, గంతే. తెల్వకపోవుడు అమాయకమా? నువ్వు చెప్పలే. గది రాయి."

ఆ మాట కొట్టేసి, "నేను చెప్పని కారణంగా తెలియని మా అమ్మకు" అని మార్చాను. మళ్ళీ చదివాను. అమ్మ తల ఊపి బియ్యం చెరగడం మొదలుపెట్టింది. క్షమించానని అనలేదు, నేను అడగనూ లేదు. అడగాల్సింది. ఆ తర్వాత ఇంట్లో మైల మీద మేం వాదించుకోని రోజు లేదు, అంతా ఎదురెదురుగానే.

ప్రమీలాబాయి పోయి చాలా కాలమైంది. ఆవిడ నాకు అంటగట్టిన పని మాత్రం నన్ను వదల్లేదు. నా రాతలో బతికున్న మనిషి ఎవరైనా వస్తే, అచ్చుకు ముందు ఆ మనిషి ఎదుట కూర్చుని చదువుతాను. కొందరు నన్ను బయటికి తోశారు, ఒకాయన కాగితాలు చింపాడు. నా వాక్యాల్లో మునుపటి మంట లేదని మిత్రులు అంటారు. పోయిన నెల చాదర్‌ఘాట్‌లో గ్రహదోషాలకు ఉంగరాలు అమ్మే మనిషి గురించి రాసి, వెళ్ళి అతని కొట్లోనే చదివాను. రెండు గంటలు కొట్లాడుకున్నాం. ఉంగరాల మోసం మీద రాసినదాంట్లో ఒక్క అక్షరం తగ్గించలేదు. అతని దురాశ గురించి రాసిన వాక్యం మాత్రం అతని ఎదుటే కొట్టేశాను. అది నేను చూసింది కాదు.