ఉమ్మడి స్థలం కాపలా

మా పెద్దమ్మ కాపలా కాసిన స్థలం రెండు మునిసిపాలిటీలది. ఒకప్పుడు అక్కడ అంటురోగాల ఆసుపత్రి ఉండేది. దాన్ని కూలగొట్టాక మిగిలిన ఖాళీ నేలలో ఒకరు గునపం దించాలంటే రెండోవారు ఒప్పుకోవాలి. ఒక ఊరు ఔనంటే రెండోది కాదనడం ఆనవాయితీ. అందుకే గడ్డి తప్ప అక్కడ ఏదీ లేవలేదు. ఆ పంతాలే పెద్దమ్మను బతికించాయి.

ఆమె కొడుకు ఆ ఆసుపత్రిలోనే జ్వరంతో పోయాడు. అప్పుడప్పుడే మాటలు వస్తున్న పిల్లాడు. పెదనాన్న వాడికంటే ముందే పోయాడు. అదే జ్వరంతో పక్క వార్డులో ఉన్న పెద్దమ్మకి ఒళ్ళు తెలియదు. ఏ ఊరి శవాన్ని ఆ ఊరివాళ్ళు ఆసుపత్రి ఆవరణలోనే తమ వైపు పూడ్చేవారు. ఆమె పుట్టిల్లు ఇటు, అత్తిల్లు అటు. పిల్లాణ్ణి ఏ ఊరివాడిగా లెక్కేశారో, ఆమె లేచాక ఎవరూ చెప్పలేకపోయారు. "మా వైపు కాదమ్మా, వాళ్ళనడుగు" అని ఇద్దరూ చేతులు దులుపుకున్నారు.

పెద్దమ్మ కాపలా పని అడిగి మరీ తీసుకుని గేటు పక్క గదిలో చేరింది. ఆ గడ్డి మీద చెప్పులేసుకుని నడిచేది కాదు. చిన్నప్పుడు నేను పరిగెడితే, "మెల్లగా నడవ్వే, తమ్ముడు పడుకున్నాడు" అనేది.

నిరుడు ఏ గాలి మళ్ళిందో, రెండు ఊళ్ళూ కలిసి కూర్చున్నాయి. ఇటు బస్టాండు, అటు పార్కు అన్నాయి. తవ్వకంలో దొరికే ఎముకల్ని శ్మశానానికి చేర్చాలన్నాయి. ప్లాను గీసిన ఇంజనీరమ్మ మంచిది. పెద్దమ్మ సంగతి విని గదికే వచ్చింది.

"చోటు చూపించండమ్మా. అక్కడ ఎవరూ తవ్వకుండా తీర్మానం చేయిస్తాను."

తెలియదంటే అంతా తవ్వేస్తారు. పెద్దమ్మ పార్కు వైపు గోడవార ఒక మూలకి వేలు చూపించింది. "ఇక్కడే" అంది. ఆమె అబద్ధమాడగా నేను చూడటం అదే మొదటిసారి.

రెండు ఊళ్ళూ మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాయి. ఆ మూలకి ఇనప కంచె వేసి, ఇద్దరు చైర్మన్లూ భుజాల మీద చేతులేసుకుని ఫొటో దిగారు. కోడి గింజలేరుకోను చాలని చోటుకి ఇంత హడావుడా అని నాకు ఒళ్ళు మండింది.

తరువాత పొక్లెయిన్ దిగింది. దాని తొట్టి పైకి లేచినప్పుడల్లా పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. అక్కడక్కడా ఎముకలు దొరికాయి. గుడ్డలో చుట్టి తీసుకెళ్ళారు. బస్టాండు వైపు పని ముగిశాక డ్రైవరు దిగొచ్చాడు.

"అన్నీ పెద్దవాళ్ళవే పెద్దమ్మా. చిన్నవి ఒక్కటీ లేవు."

ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాను. ఆమె గుంటలోకి వంగింది. "సరిగ్గా చూశావా నాయనా? ఇంకాస్త లోతుకి తవ్వి చూడవూ?"

అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. వాణ్ణెవరూ కదపకూడదని ఇన్నేళ్ళు కాపలా కాసిన మనిషి, ఇప్పుడు వాడు బయటపడాలని ఎదురు చూస్తోంది.

పార్కు వైపూ తవ్వారు. అక్కడా పెద్దవాళ్ళే. ఇక మిగిలింది కంచె వేసిన మూల ఒక్కటే.

పెద్దమ్మ ఇంజనీరమ్మ చేతులు పట్టుకుంది. "నేను అబద్ధం చెప్పానమ్మా. నాకేమీ తెలియదు. ఆ కంచె తీయించి తవ్వించు."

ఇంజనీరమ్మ పాపం రెండు ఆఫీసులూ తిరిగింది. రెండు ఊళ్ళూ గొడవ పడకుండా చేసిన పని అదొక్కటేనట, దాన్ని రద్దు చేసిన చెడ్డపేరు తమకెందుకని ఇద్దరూ తప్పుకున్నారు. నాకు వాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టాలనిపించింది, తిట్టాను కూడా. ఏం లాభం?

ఇప్పుడు పార్కు తెరవగానే పెద్దమ్మ వెళ్ళి కంచె పట్టుకుని కూర్చుంటుంది. ఇంటికి రమ్మని నేను పక్కనే నిలబడి బతిమాలినా వినదు. మట్టి వైపు వంగి మెల్లగా అడుగుతుంది.

"ఉన్నావట్రా నాన్నా? లేకపోతే లేనని అయినా చెప్పు."