ఎడమ అంచు గీతలు

తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసిన అనుపమ, ఆరేళ్లు కృష్ణానగర్‌లో జాకెట్లకు మగ్గం పని చేసింది. సన్నని గీత కూడా ఆమె కంటికి బాగా ఆనుతుందని ఎవరో చెబితే, 2004లో మైత్రీవనం వెనక సందులోని ఒక ఆఫీసులో నెల రోజుల పరీక్ష మీద తీసుకున్నారు. చుట్టూ అందరూ డిగ్రీ చదివి, సాయంత్రం జావా క్లాసులకు పరుగెత్తేవాళ్లే.

అక్కడి పనంతా కాకినాడ ఎదుట సముద్రంలో ఇరవై ఏళ్ల కిందట తవ్విన గ్యాసు బావుల కాగితాలతోనే. పొడుగాటి పట్టీలు. పై నుంచి కిందికి బావి లోతు, దాని వెంట అటూ ఇటూ ఊగే గీత. పట్టీని స్కాన్ చేసి, తెర మీద ఆ గీత వెంట మౌసు నడిపి కంప్యూటరులోకి ఎక్కించాలి. అది చూసుకునే కొత్త బావులు ఎక్కడ తవ్వాలో కంపెనీ తేల్చుకుంటుంది.

ఎడమ అంచున అక్కడక్కడా గీత ముక్కలు కనిపించేవి. "అవి ఇంకు మరకలు, చెరిపేయండి" అన్నాడు సూపర్‌వైజరు వంశీధర్. అందరూ చెరిపేశారు. అనుపమకు చెయ్యి రాలేదు. పెద్ద గీత కుడి అంచు దాటిన చోటే, సరిగ్గా అదే లోతులో, ఎడమన ముక్క మొదలవుతోంది. నోరు విప్పి చెప్పే ధైర్యం లేదు. వాటినీ గీస్తూ కూర్చుంది. అందరూ రోజుకు పది పట్టీలు చేస్తే ఆమె ఆరు దాటలేదు.

నెలాఖరు శనివారం వంశీధర్ పిలిచాడు.

"ఏంటండీ ఇది? ఇంత నెమ్మదైతే ఎలా? సోమవారం నుంచి రావద్దు."

"మరకలు సుత గీస్తుంది అన్నా. గట్లయితే ఎప్పటికైతది?" పక్క సీటు రాఘవేందర్ నవ్వాడు.

పూర్తయిన పని చూసుకోవడానికి కంపెనీ తరఫున వచ్చిన వీర్రాజు ఆ గదిలోనే ఉన్నాడు. ఒకప్పుడు ఆ సముద్రంలో పనిచేసిన మనిషి. అనుపమ లేచింది. పట్టీ ఒకటి తీసుకుని గొట్టంలా చుట్టి, రెండంచులూ కలిపి, గుండుసూది గుచ్చి ఆయన చేతికిచ్చింది.

కుడి అంచు దాటిన గీత, ఎడమ ముక్కతో తెగకుండా కలిసిపోయింది.

వీర్రాజు కళ్లజోడు సవరించుకున్నాడు. "నీకెవరు చెప్పారమ్మా?"

"ఎవరు చెప్పలే సార్. జాకెట్ చేతికి పువ్వు సగం ఈ అంచుకు, సగం గా అంచుకు కుడ్తం. చెయ్యి కలిపి కుట్టినంక ఒక్క పువ్వైతది."

"ఆయ్, సరిగ్గా అంతే! కాగితం వెడల్పు చాలకపోతే మా కొలత మిషను పెన్ను ఎడమ నుంచి మళ్లీ ఎక్కేది. గ్యాసు బాగా ఉన్నచోటే గీత అంత దూరం పోయేది." ఆయన వంశీధర్ వైపు తిరిగాడు. "ఈ ముక్కలన్నీ చెరిపేశారా? సముద్రంలో గ్యాసంతా తుడిచేశారు కదండీ బాబూ!"

రాఘవేందర్ తలపట్టుకున్నాడు. "నెల సంది గిదా మనం చేసింది!"

నలభై ఒక్క బావుల పని మళ్లీ మొదలైంది. గ్యాసు లేదని కంపెనీ వదిలేసిన రెండు బావులు, తర్వాత మళ్లీ చూడాల్సినవాటి జాబితాలోకి ఎక్కాయి. పని మళ్లీ మొదలైన ఆ సోమవారం పొద్దునే వంశీధర్ గుండుసూదుల డబ్బా తెచ్చి అనుపమ బల్ల మీద పెట్టాడు.

"ఎలా చుట్టాలో మా అందరికీ చూపించండి."

పద్నాలుగు మంది ఆమె చుట్టూ చేరారు. అనుపమ గొంతు సవరించుకుంది. "ముందుగాల అంచులు కలపుండ్రి," అంది, గది చివరిదాకా వినపడేలా.