మా ఏసీకి రిటర్న్ డేటు

మా ఇంట్లో ఏసీ ఉందంటే ఇప్పుడు ఎవరూ తలతిప్పి కూడా చూడరు. పందొమ్మిది వందల డెబ్బై ప్రాంతంలో ఖరగ్‌పూర్ బజారులో బట్టల దుకాణం నడిపే తెలుగువాళ్ళింట్లో ఏసీ అంటే మాత్రం వీధి వీధంతా వచ్చి చూసి వెళ్ళింది. నాన్న దాన్ని రైల్వే వేలంలో పాడుకొచ్చాడు. ఎవరో పెద్ద ఆఫీసరు బంగళాలో దర్జాగా బతికి, ఇక పనికిరావు పొమ్మంటే, మా ముందుగది కిటికీలోకి వచ్చి కూర్చుంది. అది మోగడం మొదలుపెడితే గోడమీద కేలండరు ఊగేది. పక్కింటి బెంగాలీ పెద్దావిడ, మేం మాశీమా అని పిలిచేవాళ్ళం, మే నెల మధ్యాహ్నాలు మా ఇంట్లో కూర్చుని ఉన్ని స్వెట్టరు అల్లుకునేది. ఉక్కలో ఉన్ని చేతులకి అంటుకుంటుందట, మా గదిలో అంటుకోదట.

వచ్చిన నెలకే అది మొరాయించింది. నాన్న ఎవరినో పట్టుకుని, రైల్వే వర్క్‌షాపులో ఏసీ బోగీలు బాగుచేసే ఒకతన్ని ఆదివారం పూట రప్పించాడు. పూరీ గేటు అనే పేట నుంచి సైకిలు మీద వచ్చాడు. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇదే వర్క్‌షాపులో సుత్తి పట్టాడట. రెండు గంటలు దాని పొట్ట విప్పి, ఏవో కడిగి, బిగించి, మళ్ళీ మోగించాడు. తర్వాత జేబులోంచి సుద్దముక్క తీసి, బోగీ మీద రాసినట్టు దాని పక్కరేకు మీద ఇంగ్లీషులో 'ఫిట్' అని రాసి, కింద ఒక తేదీ వేశాడు. జులై ఆఖరివారం.

"అదేటయ్యా?" అన్నాడు నాన్న.

"రిటర్న్ డేటండి బాబూ. ఆ రోజుకి మళ్ళీ సూడాల. అలవాటు సొప్పున రాసీసినాను."

రైల్వే ఊళ్ళో పుట్టిన పిల్లలకి రిటర్న్ డేటు గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రతి బండి ఒంటిమీదా, అది మరమ్మతుకి ఏ తేదీకల్లా తిరిగిరావాలో రాసి ఉంటుంది. ఆ తేదీ దాటిన బండికి సరుకెక్కించరు. మా నాన్న రైల్వేలో ఒక్కరోజు కూడా పనిచెయ్యలేదు గానీ, ఆ ఊరి నీళ్ళు తాగాడు కదా, సుద్దతో రాసిన తేదీ అంటే ఆయనకి దేవుడి మాట. ఆ రోజు వచ్చిందంటే మెషిన్ బంగారంలా నడుస్తున్నా సరే, స్విచ్ కట్టేసి ఆ మనిషికి కబురు పెట్టి తీరతాడు. ఈ సంగతి నాకు ఆ రోజే అర్థమైంది. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. జులై చాలా దూరంగా కనిపించింది.

దాచడం ఎందుకు, అతను నాకు చూడగానే నచ్చాడు. ఏమిటి నచ్చిందంటే, మరను విప్పేటప్పుడు ప్రతి స్క్రూనీ ఒక పళ్ళెంలో వరసగా పెట్టుకున్నాడు. అంత పద్ధతైన మనిషిని నేను అంతవరకూ చూడలేదు. మా ఇంట్లో దువ్వెన కూడా రెండురోజులు ఒకచోట ఉండదు.

మూడోరోజు మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తుంటే, పైటకొంగు తడిపి ఆ తేదీ తుడిచేసి, వచ్చే ఆదివారం పదిహేడు అని రాశాను. నవ్వు ఆగక కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆదివారం పొద్దున్నే నాన్న తేదీ చూశాడు, స్విచ్ కట్టేశాడు, కబురు పెట్టాడు. దుకాణంలో ఏ తాను ఏ అరలో ఉందో కళ్ళుమూసుకుని చెప్పే మనిషికి ఇంట్లో తేదీలు మాత్రం గుర్తుండవు.

అతను వచ్చి తేదీ వంక చాలాసేపు చూశాడు. అతను ఏడు వేస్తే నడుముకి అడ్డంగా ఒక గీత పెడతాడు, వర్క్‌షాపు వాళ్ళ పద్ధతి. నా ఏడుకి గీత లేదు. అతను టీ తాగి, మరను తుడిచి, ఈసారి మూడు వారాలకి తేదీ వేశాడు. నేను దాన్ని ఒక వారానికి దించాను. ఆ వారం వచ్చినప్పుడు అతనే తిన్నగా వచ్చే ఆదివారం తేదీ రాసి, సుద్దచేతులు దులుపుకుంటూ నావైపు ఒక్కసారి చూశాడు. ఆ పూట నేను మేడమెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగానో నాకే తెలీదు. మాశీమా స్వెట్టరు పక్కనపెట్టి "ఈ పిల్లకి ఏమైంది?" అని అమ్మని అడిగింది.

జూన్ ఆఖరికి నాన్న పిడుగులాంటి మాట అన్నాడు. కలకత్తాలో కొత్త ఏసీ చూశాడట. దానికి గ్యారంటీ, చెడితే కంపెనీ మనిషే వస్తాడు. అంటే పూరీ గేటు నుంచి ఎవరూ రానక్కర్లేదు. నిన్నటిదాకా ఆ మోత భరించలేక చెవుల్లో దూది పెట్టుకున్న నేనే "దీనికేం నాన్నా, ఇంకో పదేళ్ళు నడుస్తుంది" అని వాదించాను. అమ్మ నన్ను వింతగా చూసింది.

"ఠీక్ హై, ఆ అబ్బాయినే అడుగుదాం. అతనేటంటే అదే" అన్నాడు నాన్న. నాకు ప్రాణం లేచొచ్చింది. అతను ఫిట్ అనక ఏమంటాడు!

జులై అయిదు, ఆదివారం. అతను మరను మొత్తం విప్పాడు. స్క్రూలన్నీ పళ్ళెంలో వరసగా. చివరికి లేచి నిలబడ్డాడు.

"దీని పనైపోనాది బాబూ. గేసు పట్టిస్తే వారం నిలవట్నేదు. కాయిల్ నిండా సిల్లులే. కంప్రెసర్ కొట్టుకుంతాది. ఒకటి పాడైతే బాగుసెయ్యొచ్చు గానీ మూడూ పోతే మార్చీడమే. ఇంకా నడుస్తాదని సెప్తే మోసం."

అని పక్కరేకు మీద 'కండెమ్' అని, అంటే ఇక తుక్కుకిందే లెక్క అని, రాశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత నిజాయితీ ఎవడడిగాడు! ఒక్క అబద్ధమాడితే సొమ్మేం పోయింది! కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, టీ గ్లాసు బల్లమీద ఠపీమని పెట్టాను.

అతను వెళ్ళలేదు. మళ్ళీ వంగి, కండెమ్ కింద తేదీ రాశాడు. ఆగస్టు తొమ్మిది.

"ఓరినాయనో! కండెమ్ బండికి రిటర్న్ డేటేటయ్యా?" అన్నాడు నాన్న.

అతను సుద్దముక్కని రెండు చేతుల్లో నలిపేస్తూ నేల చూశాడు. "అది బండికి కాదండి. నాకు. ఆ రోజుకి మా అమ్మనీ, అయ్యనీ తీసుకుని వస్తాను. మీరు ఒప్పుకుంటేనే."

అమ్మ నావైపు తిరిగి, "పదేళ్ళు నడుస్తాదన్నావు కదే" అంది. అంతే, నేను వంటింట్లోకి పారిపోయాను.

నాన్న రెండురోజులు ఆలోచించి ఒప్పుకున్నాడు. నేనైతే ఆగలేకపోయాను. చచ్చిన మెషిన్ మీద తేదీ తుడిచి, జులై పన్నెండు అని రాసేశాను. ఆషాఢం వెళ్ళాక రావాలని అతను అంత దూరం పెట్టుకున్నాడని నాకేం తెలుసు? పన్నెండున పొద్దున్నే నాన్న తేదీ చూసి రసగుల్లాలు తెప్పించి, పంచె మార్చి కూర్చున్నాడు. పన్నెండు గంటలైనా ఎవరూ రాలేదు.

"ఆషాఢంలో ఎవరొస్తారండీ?" అంది అమ్మ.

"తేదీ రాసినాడు కదే!" అని నాన్న చిందులు తొక్కి, తనే రిక్షా కట్టించుకుని పూరీ గేటుకి వెళ్ళాడు. గంటలో రెండు రిక్షాలు వచ్చాయి. కాబోయే అత్తగారు తలనిండా నూనెతో, కాబోయే మామగారు సగం గీసిన గడ్డంతో దిగారు. ఏం జరిగిందో తెలియక ఇద్దరూ కంగారుగా దిక్కులు చూస్తున్నారు.

వెనకే సైకిలు మీద వచ్చిన అతను సరాసరి మెషిన్ దగ్గరికి వెళ్ళాడు. పన్నెండు, పక్కన నెల అంకె ఏడు, గీత లేని నా ఏడు. జేబులోంచి సుద్దముక్క తీసి, ఆ ఏడు నడుముకి అడ్డంగా గీత పెట్టాడు.