తినహోన్ నుంచి వచ్చిన ప్యాకేజీ

క్యూబాలోని మా కమగుయే ఊరి గ్రంథాలయంలో కంప్యూటర్లు చూసుకునే ఓదాలిస్ గట్టిగా నవ్వగా నేను విని చాలా కాలమైంది. రెయినేరియో ఉన్న రోజుల్లో ఆ నవ్వు పుస్తకాలిచ్చే నా బల్ల దాకా వినిపించేది.

రెయినేరియో కూడా మా దగ్గరే పనిచేసేవాడు. ఇంటర్నెట్ సరిగ్గా అందని రోజులవి. సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలన్నీ ఒకచోట పోగేసి ఉంచే రిపాజిటరీని అతను ఒక డిస్కులో సొంతంగా తయారుచేశాడు. మా పెరళ్ళలో వాన నీళ్ళు పట్టే పెద్ద మట్టి కుండల పేరే దానికి పెట్టాడు, తినహోన్ అని. అంధుల గదిలో పుస్తకాలు చదివి వినిపించే కంప్యూటరు గొంతు కూడా అందులోదే. అంతకు ముందున్న గొంతును విని, ఆ గదికి రోజూ వచ్చే ముసలి ఎవెలియో, "ఈ స్పెయిన్ దొర నోట్లో బంగాళాదుంప పెట్టుకుని చదువుతున్నాడా ఏంటి?" అని గొడవ చేస్తే, ఓదాలిస్, రెయినేరియో కలిసి దానికి మా యాస నేర్పారు.

అన్న చనిపోతే చాక్లెట్ గింజలు కాసే అతని కకావో తోట చూసుకోవడానికి రెయినేరియో దూరాన తూర్పు కొసనున్న బరకోవాకి వెళ్ళిపోవలసి వచ్చింది. తనతో రమ్మన్నాడు. "ఈ గది వదిలి ఎలా రాను?" అంది ఓదాలిస్. ఇద్దరికీ పంతమే. ఉత్తరాలు లేవు. అలా ఆరేళ్ళు గడిచాయి.

ఈ వసంతంలో పై ఆఫీసు నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది: ప్రతి కంప్యూటర్లో ఏ ప్యాకేజీ ఏ రిపాజిటరీ నుంచి వచ్చిందో రాయాలి, మూలం తెలియనివి తీసేయాలి. ఓదాలిస్ ఒక్కొక్క యంత్రాన్నీ అడుగుతూ పోయింది. అన్నీ రాజధాని రిపాజిటరీ పేరే చెప్పాయి. అంధుల గదిలోని కంప్యూటరు మాత్రం చదివే గొంతు దగ్గర "తినహోన్" అంది. ఆ డిస్కు పాడై ఎన్నాళ్ళో అయింది, యంత్రం మాత్రం పేరు దాచుకుంది. ఆశ్చర్యం అది కాదు. దాని పక్కనున్న తేదీ నాలుగేళ్ళ కిందటిది. అంటే రెయినేరియో వెళ్ళిపోయిన రెండేళ్ళకు!

ఓదాలిస్ నేరుగా ఎవెలియో దగ్గరికి వెళ్ళింది.

"తాతా, రెయినేరియో ఇక్కడికొచ్చాడా?"

"వచ్చాడు తల్లీ. నువ్వు శిక్షణకని హవానా వెళ్ళిన వారం." ఆ వారం నేనూ సెలవులో ఉన్నాను.

"మరి నాలుగేళ్ళుగా చెప్పలేదేం?"

"చెప్పొద్దన్నాడు. నాకు కళ్ళు లేవు గానీ మాట మీద నిలబడతాను. అయినా నువ్వడిగావా ఎప్పుడైనా?" అని నవ్వాడు. తర్వాత చిరునామా చెప్పాడు.

మరుసటి వారమే ఆమె బస్సెక్కింది. వెళ్ళేసరికి రెయినేరియో పెరట్లో ఎండబోసిన కకావో గింజల్ని పారతో తిరగేస్తున్నాడట. ఆమెను చూసి పార కింద పెట్టాడు.

"ఆ రోజు ఎందుకొచ్చావు?"

"గొంతు కొన్ని మాటలు తప్పు పలుకుతోందని ఎవెలియో ఉత్తరం రాయించాడు. సరిచేసి కొత్తది పెట్టాను."

"అంతేనా?"

"అది రెండు గంటల పని, ఓదాలిస్. నువ్వొస్తావేమోనని గ్రంథాలయం మూసేదాకా కూర్చున్నాను. హవానా వెళ్ళావని అప్పుడే తెలిసింది."

"హవానాకి ఒక్క ఫోను చేస్తే ఏం పోయేది?"

"నువ్వు రానంటే ఇంకోసారి వినలేననిపించింది."

అప్పుడే అతని భార్య మేరియెలా చాక్లెట్ పానీయం తెచ్చింది. పోయినేడే పెళ్ళయిందట. ముగ్గురూ కూర్చుని తాగారు. ప్యాకేజీ ఎలా తయారైందో మొదటి నుంచి రాసి, మూలం కోడుతో సహా ఒక డిస్కులో వేసి ఇచ్చాడు రెయినేరియో. "ఇక దాన్నెవరూ తీసేయలేరు," అన్నాడు.

నిజంగానే తీసేయలేదు. ఎవెలియో ఇప్పటికీ రోజూ అదే గొంతుతో నవలలు వింటున్నాడు.

బస్సు దగ్గర మేరియెలా తాటాకు పొట్లంలో కొబ్బరి మిఠాయి పెట్టి ఇచ్చిందట. ఓదాలిస్ దాన్ని తెచ్చి మా అందరికీ పంచింది.

"నువ్వు తినవేమే?" అన్నాను.

"మేరియెలా మంచి మనిషే నీల్దా," అంది నాతో. "ఆవిడ చెడ్డదై ఉంటే బాగుండేది."

తన వాటా తీసుకుని అంధుల గదిలోకి వెళ్ళి, ఆ గొంతు చదువుతున్నంతసేపూ ఎవెలియో పక్కనే కూర్చుంది.